పొర్లిపోయిన కుంచం, పోయిన ఐదు రోజుల కూలి



నేను ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివాను. ఇదే వరండాలో, ఇదే గోడ ముందు నిలబడి మన పత్రిక చదివేవాణ్ని. తర్వాత కంప్యూటర్ డిప్లొమాలో చేరాను. మొన్న వచ్చినప్పుడు తెలుగు మాస్టారు, "ఒరే, నువ్వు కూడా ఏదైనా రాసియ్యి" అన్నారు. కథలు, కవితలు నాకు రావు. కాబట్టి నాకు జరిగిన సంగతి ఒకటి రాస్తున్నాను. ఇందులో లెక్కలున్నాయి. భయపడకండి, భాగహారం వస్తే చాలు.

ఆటోనగర్‌లో నా పని

2024 వేసవి సెలవుల్లో నేను విశాఖపట్నం ఆటోనగర్‌లో మా మావయ్య గదిలో ఉన్నాను. ఆటోనగర్ గాజువాక దగ్గర ఉంది. పోర్టుకు పోయే లారీలు, ఉక్కు కర్మాగారానికి పోయే లారీలు అటే తిరుగుతాయి. ఎటు చూసినా లేతు మిషన్లు, వెల్డింగు మెరుపులు, బాడీ కట్టే షెడ్లు. మావయ్య ఒక షెడ్డులో రోజు కూలికి పనిచేస్తాడు. రోజుకు 500 రూపాయలు. శనివారం సాయంత్రం బట్వాడా.

ఆ షెడ్డు ఆఫీసులోనే నాకు బిల్లులు కొట్టే పని దొరికింది. కంప్యూటర్ చదువుతున్నానని తెలిసి గుమస్తాగారు హాజరు పని కూడా నాకే ఇచ్చారు. పనివాళ్లు గేటు దగ్గర మిషను మీద వేలు పెడతారు. ఆ మిషను వాళ్ల నంబరు, వచ్చిన సమయం కంప్యూటర్‌కు పంపుతుంది. రోజూ ఉదయం నేను ముందురోజు హాజరు కాగితం తీసి ఫైల్లో పెట్టాలి. అంతే పని.

కంప్యూటర్‌కు తేదీ ఎలా తెలుస్తుంది?

మనం తేదీని రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. చాలా కంప్యూటర్లు లోపల అలా రాసుకోవు. 1970 జనవరి 1వ తేదీ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకండ్లు గడిచాయో లెక్కపెట్టి ఒకే ఒక అంకె రాసుకుంటాయి. దాన్ని టైమ్‌స్టాంపు అంటారు. ఆ అర్ధరాత్రి మనది కాదు, ప్రపంచమంతా లెక్కకు పెట్టుకున్న యూటీసీ సమయం ప్రకారం అర్ధరాత్రి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఉదాహరణకు మావయ్య 2024 మే 2వ తేదీ ఉదయం 8 గంటల 2 నిమిషాల 5 సెకండ్లకు వేలు పెట్టాడనుకోండి. కంప్యూటర్‌లో ఉండేది ఇది:

1714617125

దీన్ని మళ్లీ తేదీగా మార్చడం పెద్ద విద్య కాదు. రోజుకు 86400 సెకండ్లు. భాగించండి. 19845 రోజులు వస్తాయి, 9125 సెకండ్లు మిగులుతాయి. 1970 జనవరి 1 తర్వాత 19845 రోజులు లెక్కపెడితే 2024 మే 2 వస్తుంది. మిగిలిన 9125 సెకండ్లంటే 2 గంటల 32 నిమిషాల 5 సెకండ్లు. దానికి మన దేశం తేడా అయిదున్నర గంటలు కలపండి. 8 గంటల 2 నిమిషాల 5 సెకండ్లు. సరిపోయింది కదా!

కంప్యూటర్‌లో పట్టికలను అడిగి సమాచారం తీసుకునే భాషను ఎస్‌.క్యూ.ఎల్‌. అంటారు. అందులో ఈ పనికి ఒక మాట ఉంది. అసలు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి, మీకోసం తెలుగులో రాస్తున్నాను:

డేట్‌యాడ్ (సెకండ్, సమయం, '1970-01-01')

అంటే, "1970 జనవరి 1కి ఇన్ని సెకండ్లు కలిపి తేదీ చెప్పు" అని. మా ఆఫీసులో ఉన్న ఎస్‌.క్యూ.ఎల్‌. సర్వర్‌లో హాజరు కాగితం ఈ మాటతోనే వచ్చేది.

కుంచం ఎంత పెద్దది?

ఆటోనగర్‌లో పాత లారీల సామాన్లు కుప్పలు పోసి ఉంటాయి. ఒకరోజు ఒక మేస్త్రీ నాకు పాత కిలోమీటర్ల మీటరు చూపించాడు. అందులో అంకెలకు ఐదే గళ్లు. 99999 తర్వాత బండి ఇంకో కిలోమీటరు నడిస్తే 00000 పడుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన ముసలి లారీ కొత్త పెళ్లికూతురు లాగా సున్నా చూపిస్తుంది. బండి అబద్ధమాడలేదు. గళ్లు చాలలేదు, అంతే.

కంప్యూటర్‌లో కూడా అంకెకు గళ్లుంటాయి. వాటిని బిట్లు అంటారు. ఒక్కో గడిలో 0 గాని 1 గాని పడుతుంది. 'ఇంట్' అనే రకానికి 32 గళ్లు. ఒకటి కూడికా తీసివేతా అన్న గుర్తుకు పోతుంది. మిగిలిన 31 గళ్లలో పట్టే అతి పెద్ద అంకె 2147483647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. దీనికి ఒకటి కలిపితే పట్టదు. మన ఇళ్లల్లో కుంచం నిండాక ఇంకో గుప్పెడు వడ్లు పోస్తే ఏమవుతుంది? పొర్లిపోతుంది. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు.

పొర్లినప్పుడు అన్ని కంప్యూటర్లూ ఒకేలాగ నడుచుకోవు. కొన్ని ప్రోగ్రాములు పాత మీటరు లాగా తిరిగిపోయి తప్పు అంకె చూపిస్తాయి. ఎస్‌.క్యూ.ఎల్‌. సర్వర్ మాత్రం "నా వల్ల కాదు" అని అరిచి పని ఆపేస్తుంది. ఏది మంచిదో మీరే చెబుదురుగాని, ముందు జరిగింది వినండి.

'బిగ్ఇంట్' అని ఇంకో రకం ఉంది. దానికి 64 గళ్లు. అందులో సెకండ్లు లెక్కపెడుతూ పోతే నిండడానికి దాదాపు 29 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. దాని గురించి మనకు దిగులక్కర్లేదు.

మంగళవారం వచ్చిన తప్పు

ఆ షెడ్డుకు రెండు గేట్లు. ముందు గేటులోంచి 26 మంది వస్తారు. వెనక గేటులోంచి 12 మంది. ఆ 12 మంది మన ఏజెన్సీ వైపు నుంచి వచ్చినవాళ్లే, వెనక సందులో గదులు తీసుకుని ఉంటారు. ఏప్రిల్ 29, సోమవారం నాడు వెనక గేటుకు కొత్త మిషను పెట్టారు.

మంగళవారం ఉదయం నేను సోమవారం హాజరు తీయబోతే కాగితం రాలేదు. ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది. దాని భావం ఇది: "ఈ విలువను ఇంట్ రకంలోకి మార్చబోతే లెక్క పొర్లిపోయింది."

మిషను అమ్మినవాళ్ల తరఫు మనిషికి గుమస్తాగారు ఫోను చేశారు. ఆయన నాతో మాట్లాడి, "సమయం అన్నచోట ట్రై_కాస్ట్ అని ఒక మాట చేర్చు బాబూ, పోతుంది" అన్నాడు. నేను ఇలా మార్చాను:

డేట్‌యాడ్ (సెకండ్, ట్రై_కాస్ట్ (సమయం యాజ్ ఇంట్), '1970-01-01')

ఎర్ర అక్షరాలు పోయాయి. కాగితం చక్కగా వచ్చింది. గుమస్తాగారు సంతోషించి నాకు టీ తెప్పించారు. నేను కాగితం ఫైల్లో పెట్టాను. చదవలేదు. బుధవారం మేడే, సెలవు. గురువారం, శుక్రవారం కూడా కాగితాలు తీసి అలాగే పెట్టాను.

శనివారం బట్వాడా

శనివారం సాయంత్రం పనివాళ్లంతా వరసలో నిలబడ్డారు. గుమస్తాగారు కాగితం చూసి పేరు పిలుస్తున్నారు, డబ్బులిస్తున్నారు. మావయ్య వంతు వచ్చింది. "నీకేమీ లేదు. వారమంతా రాలేదుగా" అన్నారాయన.

మావయ్య ముందు నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు. తర్వాత వెనక గేటు వాళ్లు ఒక్కొక్కరికీ అదే మాట చెప్తుంటే ఎవరూ నవ్వలేదు. పన్నెండు మందికీ ఐదు రోజులు గైర్హాజరు. ఒక్కొక్కరికి 2500 రూపాయలు. తొలకరి ముందు విత్తనాలకు ఇంటికి పంపాల్సిన డబ్బులవి.

"ఒరే, నాను రోజూ ఏలు పెట్టాను కదరా. ఆ మిషను పచ్చగా ఎలిగింది కూడాను. మరి నానేటైపోయాను?" అన్నాడు మావయ్య నాతో.

"కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నారు గుమస్తాగారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన చేతిలో ఉన్న కాగితం అలా చెప్పింది. ఆ కాగితం తీసింది నేను. ఆ మాట చేర్చింది నా వేళ్లే. నాకు కడుపులో తిప్పినట్టయింది.

"అయ్యా, ఒక్క అరగంట ఇవ్వండి" అని అడిగి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మన లెక్కల మాస్టారు ఎప్పుడూ చెప్పేవారు, తెలియనప్పుడు ముందు లెక్కపెట్టమని. అదే చేశాను. మొత్తం 38 మంది. వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి వేలు పెడతారు. ఐదు రోజులు. ఆ వారం ఎవరూ సెలవు పెట్టలేదని మేస్త్రీ చెప్పాడు. అంటే 38 × 2 × 5 = 380 వరసలు ఉండాలి. అసలు పట్టికలో చూస్తే సరిగ్గా 380 ఉన్నాయి! మిషన్లు అన్నీ పంపాయి. కాని నా కాగితంలో తేదీ ఉన్నవి 260 మాత్రమే. తేడా 120. పన్నెండు మందికి పదేసి. వాళ్లే వీళ్లు.

అప్పుడు ఆ 120 వరసల్లో అంకెలు చూశాను. మావయ్య గురువారం ఉదయం వచ్చిన వరసలో ఇలా ఉంది:

1714617125000

పాత మిషను సమయం 10 అంకెలు. కొత్త మిషనుది 13 అంకెలు. చివర మూడు అంకెలు ఎక్కువ. నాకు వెలిగింది. కొత్త మిషను సెకండ్లు పంపడం లేదు. సెకండులో వెయ్యో వంతు పంపుతోంది. దాన్ని మిల్లీసెకండు అంటారు.

పట్టికలో సమయం గడి బిగ్ఇంట్. అందుకే అంకె పూర్తిగా పట్టింది. కాని ఆ ఆఫీసులో ఉన్న వెర్షన్‌లో డేట్‌యాడ్ తనకిచ్చే అంకెను ఇంట్‌గానే తీసుకుంటుంది. గోనె పెద్దదే, కొలిచే కుంచం చిన్నది. లక్షా డెబ్భై ఒక్క వేల కోట్లకు పైగా ఉన్న అంకెను 214 కోట్ల కుంచంలో పోస్తే పొర్లదా మరి?

మంగళవారం వచ్చిన ఎర్ర అక్షరాలు ఆ సంగతే చెప్పాయి. ట్రై_కాస్ట్ ఏం చేస్తుందంటే, పడితే మారుస్తుంది, పట్టకపోతే అరవకుండా ఖాళీ పెడుతుంది. ఆ ఖాళీని నల్ అంటారు. సమయం ఖాళీ, కాబట్టి తేదీ ఖాళీ. తేదీ లేదు కాబట్టి మనిషి రానట్టే. నేను తప్పును సరిచేయలేదు. తప్పు నోరు నొక్కేశాను.

ఎలా సరిచేశాను

మూడు మెట్లు. మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

మొదటి మెట్టు: అంకె సెకండ్లా, మిల్లీసెకండ్లా తేల్చుకోవాలి. నేను 100000000000 దగ్గర, అంటే పదివేల కోట్ల దగ్గర గీత గీశాను. ఆ అంకె సెకండ్లయితే 5138వ సంవత్సరం అవుతుంది. మన హాజరు పట్టికలో అది ఉండదు. మిల్లీసెకండ్లయితే 1973 అవుతుంది. కాబట్టి దానికంటే పెద్దది ఏది కనబడినా మిల్లీసెకండ్లే.

కేస్ వెన్ సమయం > 100000000000 దెన్ సమయం / 1000 ఎల్స్ సమయం ఎండ్

వచ్చిన జవాబును "సెకండ్లు" అందాం. ముందు భాగించాలి, తర్వాతే డేట్‌యాడ్‌కు ఇవ్వాలి. వరస తప్పితే మళ్లీ పొర్లుతుంది.

రెండో మెట్టు: సెకండ్లన్నీ ఒకేసారి కలపకుండా రెండు ముక్కలు చేయాలి.

రోజులు = సెకండ్లు / 86400
మిగులు = సెకండ్లు % 86400

ఆ శాతం గుర్తు ఇక్కడ శేషం తెస్తుంది. రోజులు వేలల్లోనే ఉంటాయి. మిగులు ఎప్పుడూ 86400 లోపే. రెండూ చిన్న కుంచంలో హాయిగా పడతాయి. పెద్ద బండను ఒక్కడే ఎత్తలేకపోతే పగలగొట్టి మోసుకుపోతాం కదా, అలాగ.

మూడో మెట్టు: ముందు రోజులు, తర్వాత మిగులు కలపాలి.

డేట్‌యాడ్ (సెకండ్, మిగులు + 19800, డేట్‌యాడ్ (డే, రోజులు, '1970-01-01'))

ఆ 19800 ఏమిటంటే అయిదున్నర గంటల సెకండ్లు. మన భారత కాలం తూర్పు 82½ డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. ఇది కలపడం మరిచిపోతే, తెల్లవారుజామున 5 గంటలకు వేలు పెట్టిన కాపలా తాతకు ముందురోజు తేదీ పడుతుంది. ఆయన కూలీ తారుమారవుతుంది.

మార్చాక మళ్లీ లెక్కపెట్టాను. 380 వరసలు, 380 తేదీలు. ఖాళీ ఒక్కటీ లేదు. కొత్త కాగితం గుమస్తాగారి ముందు పెట్టి, "మంగళవారం తప్పుగా మార్చింది నేనేనండీ" అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, "ముందు వాళ్లను పిలు" అన్నారు. చేతిలో ఉన్న డబ్బు ఐదుగురికి సరిపోయింది. మిగిలిన ఏడుగురికి సోమవారం ఇచ్చారు. మావయ్య ఆ రాత్రి నన్నేమీ అనలేదు. అన్నం పెడుతూ, "రేపట్నుంచి ఆ కాగితం సదివి పెట్టు" అన్నాడు. అంతే.

ఈ కుంచం ఇంకోసారి పొర్లబోతోంది

మిల్లీసెకండ్లే కాదు, సెకండ్లతోనే ఇంట్ నిండిపోయే రోజు ఒకటి రాబోతోంది. 2147483647 సెకండ్లు నిండేది 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు. మీటరు లాగా తిరిగిపోయే ప్రోగ్రాముల్లో మరుసటి సెకండుకు తేదీ 1901 డిసెంబరుకు పోతుంది.

"2038కి చాలా కాలం ఉంది కదా" అంటారేమో. సొంత మోటారు సైకిలు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. 2024 మే 1న రిజిస్టరైన బండికి గడువు 2039 మే దాకా. ఆ గడువును ఎవరైనా 32 గళ్లలో సెకండ్లుగా రాసి ఉంటే అది 1903 మార్చి అయి కూర్చుంటుంది. బండి తయారు కాకముందే గడువు తీరిపోయినట్టు! ముందుకాలపు తేదీలు రాసేవాళ్లకు 2038 ఇప్పటికే వచ్చేసింది.

మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే రకం గడి 2038 జనవరి 19 దాకానే పడుతుంది. డేట్‌టైమ్ అనే రకం 9999 దాకా పడుతుంది. అక్కడ సెకండ్లను తేదీగా మార్చే ఫ్రమ్_యూనిక్స్‌టైమ్ కూడా 8.0.28 కంటే పాత వెర్షన్లలో 2038 దాటితే నల్ ఇచ్చేది. పోస్ట్‌గ్రెస్‌లో కుంచం పెద్దదే. కాని సెకండ్లు అడిగినచోట మిల్లీసెకండ్లు ఇస్తే, మావయ్య 56304వ సంవత్సరంలో పనికొచ్చినట్టు చూపిస్తుంది. పొర్లకపోయినా తప్పు తప్పే.

మీకు తెలుసా?

• 1996 జూన్ 4న ఏరియన్ 5 అనే ఐరోపా రాకెట్టు ఎగిరిన దాదాపు 40 సెకండ్లకే ముక్కలైంది. 64 బిట్ల అంకెను 16 బిట్ల గడిలోకి మార్చబోతే పట్టకపోవడమే కారణం. ఆ గడిలో 32767 దాకానే పడుతుంది.

• 2014లో యూట్యూబ్‌లో 'గంగ్నమ్ స్టైల్' పాటను ఎన్నిసార్లు చూశారన్న లెక్క 214 కోట్లు దాటింది. లెక్కపెట్టే గడిని 64 బిట్లకు మార్చారు.

• బోయింగ్ 787 విమానంలో కరెంటు యంత్రాల నియంత్రణ పెట్టెలు ఆపకుండా 248 రోజులు నడిస్తే లోపలి లెక్క పొర్లి ఆగిపోతాయని 2015లో కనుక్కున్నారు. ఆ లోపల ఒకసారి ఆపి మళ్లీ వేయాలని అమెరికా విమానయాన శాఖ ఆదేశమిచ్చింది.

జ్ఞాపకం పెట్టుకోండి

1. అంకె ఏ కొలతలో ఉందో ముందు అడగండి. సేర్లా, కుంచాలా తెలియకుండా ధాన్యం కొలవం కదా.

2. గోనె పెద్దదైతే చాలదు. మధ్యలో ఉన్న ప్రతి కుంచమూ చూసుకోవాలి.

3. వేసినన్ని వరసలు తిరిగి వచ్చాయో లేదో లెక్కపెట్టండి.

4. తప్పు అరిస్తే మంచిదే. నోరు మూసేముందు అది ఏం చెబుతోందో వినండి.

5. ప్రతి వరస వెనక ఒక మనిషి ఉంటాడు. ఖాళీ పడ్డ చోట మీ మావయ్య ఉండొచ్చు.

మీరే చేసి చూడండి

1970 జనవరి 1 గురువారం. 19845ను 7తో భాగించి, 2024 మే 2 ఏ వారమో కనుక్కోండి. తర్వాత మీరు పుట్టిన రోజు 1970 నుంచి ఎన్నో రోజో లెక్కకట్టండి. నాలుగు సంవత్సరాలకోసారి వచ్చే ఫిబ్రవరి 29లు మరిచిపోవద్దు. దాన్ని 86400తో గుణిస్తే మీ పుట్టినరోజు టైమ్‌స్టాంపు వస్తుంది. అది ఇంట్‌లో పడుతుందా, లేదా? జవాబులు కాగితం మీద రాసి లెక్కల మాస్టారికి చూపించండి.

ఇట్లు,
మీ అన్నయ్య,
ఈ బడి పూర్వ విద్యార్థి